స్ప్రెడ్‌షీట్ నిరూపకాలను మ్యాప్ సేవలకు అనువుగా మార్చడం: పైథాన్ పద్ధతి

స్ప్రెడ్‌షీట్‌లో నమోదైన అక్షాంశ రేఖాంశాలను చదివి, మ్యాప్ సేవలు స్వీకరించే దశాంశ డిగ్రీల్లోకి మార్చి, ఒక్కో చోటుకూ చిరునామా, దూరం, దారి, ఎత్తు వంటి వివరాలు రాబట్టడం భౌగోళిక సమాచార రంగంలో రోజూ జరిగే పని. తాగునీటి బోర్ల జాబితా, శాసనాలు దొరికిన ఊళ్లు, బస్సులు ఆగే చోట్లు, మట్టి నమూనాలు తీసిన పొలాలు మొదట ఎక్సెల్ షీట్‌లోకే చేరతాయి. గూగుల్ మ్యాప్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీద నడిచే నామినేటిమ్, ఇస్రో వారి భువన్, మ్యాపుల్స్ వంటి సేవలు ఆ షీట్‌ను చూడవు. ఏపీఐ ద్వారా అందే అంకెల జత ఒక్కటే వాటికి తెలుసు. షీట్‌కూ సేవకూ మధ్య నడిచే ఈ మార్పిడికి ఎక్కువమంది వాడుతున్నది పైథాన్ భాష.

మార్పిడికి కావలసిన గణితం ఎనిమిదో తరగతి పిల్లలు చేసేపాటిదే. పేచీ అంతా గడిలో ఉన్న అంకెను ఏ పద్ధతిలో రాశారో, ఏ భూగోళ నమూనా మీద కొలిచారో, ఏది ముందు పెట్టి ఏది వెనక పెట్టారో తేల్చుకోవడంలో ఉంది. తప్పుగా మార్చిన నిరూపకం చూడటానికి సరైన నిరూపకంలాగే ఉంటుంది. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, మ్యాప్ సేవ కూడా ఏదో ఒక జవాబు ఇచ్చి పంపుతుంది. అందుకే ఈ పనిలో తప్పులు చాలా ఆలస్యంగా, తరచుగా మ్యాప్ అచ్చయ్యాక బయటపడతాయి.

డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు

వృత్తాన్ని 360 భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 60 కళలుగా, ఒక్కో కళను 60 వికళలుగా విడగొట్టే లెక్క బాబిలోనియా వారి అరవై ఆధారపు గణితం నుంచి వచ్చింది. భారతీయ జ్యోతిష సిద్ధాంతాలు వాడిందీ ఇదే. పంచాంగంలో రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు అనే విభజన చూసినవారికి ఇది కొత్తగా తోచదు. ఇప్పటి వాడుకలో మాత్రం డిగ్రీ, నిమిషం, సెకను అనే పేర్లే స్థిరపడ్డాయి. ఆ పేర్ల వల్ల ఒక చిక్కు కూడా వచ్చింది, దాని సంగతి ఎక్సెల్ దగ్గర వస్తుంది.

షీట్లలో ఒకే చోటు మూడు రకాలుగా కనిపిస్తుంది. చార్మినార్‌ను 17° 21′ 42″ ఉత్తరం, 78° 28′ 29″ తూర్పు అని రాస్తే అది పూర్తి అరవై లెక్క. సెకన్లను విడిగా రాయకుండా 17° 21.7′ అంటే దశాంశ నిమిషాల పద్ధతి. చేతి జీపీఎస్ పరికరాల్లోనూ, ఓడలు నడిపేవారి దగ్గరా ఇది ఎక్కువ. 17.3617, 78.4747 అంటే దశాంశ డిగ్రీలు. మ్యాప్ సేవలకు అందించవలసింది ఈ చివరి రూపం. నిమిషాలను 60తో, సెకన్లను 3,600తో భాగించి డిగ్రీలకు కలిపితే మార్పిడి పూర్తవుతుంది: 17 + 21/60 + 42/3600 = 17.361667. రేఖాంశానికి అదే లెక్క చేస్తే 78.474722 వస్తుంది.

దక్షిణ అక్షాంశాలకూ పశ్చిమ రేఖాంశాలకూ రుణ గుర్తు పెడతారు. ఈ గుర్తును ఎప్పుడు పెట్టాలన్నది ముఖ్యం. సిడ్నీ అక్షాంశం −33° 52′ అని గడిలో ఉంటే, −33కు 52/60 కలిపేసి −32.13 అని తేల్చే ప్రోగ్రాములు తక్కువేమీ కాదు. సరైన విలువ −33.87, తేడా 190 కిలోమీటర్లకు పైమాటే. ముందు గుర్తును పక్కన పెట్టి, మొత్తం ధనసంఖ్యగా కూడి, చివర్లో గుర్తు తగిలించడం సరైన క్రమం. లండన్ వంటి ఊళ్లకు ఇది కూడా చాలదు. అక్కడి రేఖాంశం −0° 07′ అని ఉంటే, డిగ్రీల భాగాన్ని పూర్ణాంకంగా మార్చగానే పైథాన్‌కు మిగిలేది వట్టి 0, గుర్తు అక్కడే జారిపోతుంది. కాబట్టి గుర్తును అంకె నుంచి కాక, గడిలోని అక్షరాల నుంచి ముందుగానే చదివి పెట్టుకోవాలి.

భారతదేశంలోని చోట్లన్నిటికీ అక్షాంశం, రేఖాంశం రెండూ ధనసంఖ్యలే. ఇక్కడి సమాచారం మీద మాత్రమే పరీక్షించిన ప్రోగ్రాంలో గుర్తు తప్పు ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. అదే ప్రోగ్రాంకు అమెరికాలోని తెలుగువారి చిరునామాల షీట్ ఇచ్చిన రోజున గుట్టు బయటపడుతుంది. డాలస్ నగరం 32.8 ఉత్తరం, 96.8 పశ్చిమం దగ్గర ఉంది. పశ్చిమం అన్న మాట పోతే ఆ చిరునామాలన్నీ టిబెట్ పీఠభూమి మీద, చైనాలోని చింగ్‌హాయ్ రాష్ట్రంలో తేలతాయి.

దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలన్న ప్రశ్నకు భూమి కొలతలే జవాబు. ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. ఆ లెక్కన నాలుగో దశాంశ స్థానం 11 మీటర్లు, అయిదోది మీటరు పైచిలుకు, ఆరోది సుమారు 11 సెంటీమీటర్లు. రేఖాంశపు డిగ్రీ పొడవు అక్షాంశపు కొసైన్ మేరకు తగ్గుతుంది. హైదరాబాద్ దగ్గర అది 106 కిలోమీటర్ల చిల్లర. ఫోన్‌లోని జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్ల తేడాతోనే చోటు చెబుతుంది కనుక ఆరు స్థానాలకు మించి ఉంచడంలో అర్థం లేదు. పద్నాలుగు దశాంశ స్థానాలున్న నిరూపకం కనబడితే అది కొలత కచ్చితత్వం కాదు, ఎవరో చేసిన భాగహారం మిగిల్చిన తోక.

గడిలో కనిపించేదీ, ఉన్నదీ

ఎక్సెల్ ప్రతి గడిలోనూ రెండు సంగతులు దాస్తుంది: ఒకటి అసలు విలువ, రెండోది దాన్ని తెర మీద చూపించే తీరు. పైథాన్ చదివేది మొదటిదాన్ని, మనిషి చూసేది రెండోదాన్ని. నిరూపకాల విషయంలో ఈ రెండూ విడిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి.

డిగ్రీ గుర్తు కొట్టడం కష్టమని కొందరు 17:21:42 అని టైప్ చేస్తారు. ఎక్సెల్ దాన్ని సాయంత్రం అయిదు గంటల ఇరవై ఒక్క నిమిషాలుగా అర్థం చేసుకుని, రోజులో భాగంగా 0.723403 అని దాచుకుంటుంది. రేఖాంశం 78:28:29 అయితే ఇరవై నాలుగు గంటలు దాటింది కనుక 3.269780 రోజులు అవుతుంది. పైథాన్‌లో ఓపెన్‌పైఎక్స్‌ఎల్ లైబ్రరీ అక్షాంశాన్ని గడియారపు సమయంగానూ, రేఖాంశాన్ని గడి ఫార్మాట్‌ను బట్టి కాలవ్యవధిగానో 1900 జనవరి 3 నాటి తేదీగానో అందిస్తుంది. మొదటిసారి చూసినవారు ఫైలు చెడిపోయిందనుకుంటారు. నిజానికి ఏమీ పోలేదు. దాచిన భిన్నాన్ని 24తో గుణిస్తే నేరుగా దశాంశ డిగ్రీలే వస్తాయి, ఎందుకంటే గంటకూ డిగ్రీకీ కింది విభజన ఒక్కటే. తెలిసి వాడితే ఇది ఎక్సెల్‌లో అరవై లెక్క రాయడానికి ఉన్న చక్కని దగ్గరి దారి.

అడ్డగీతలతో రాసినవి అంత తేలిగ్గా తిరిగి రావు. భారతీయ తేదీ అమరిక ఉన్న కంప్యూటర్‌లో 16-10-25 అని కొడితే అది 16 డిగ్రీల 10 నిమిషాల 25 సెకన్లుగా ఉండదు, 2025 అక్టోబరు 16గా మారిపోతుంది. నిమిషాలు 12 దాటిన గడులు తేదీ కాలేక టెక్స్ట్‌గా మిగులుతాయి. ఫలితంగా ఒకే కాలమ్‌లో కొన్ని గడులు తేదీలు, కొన్ని అక్షరాలు. ఇలాంటి కాలమ్‌ను ముందు రకాలవారీగా విడగొట్టి, తేదీగా మారినవాటి నుంచి రోజు, నెల, సంవత్సరపు చివరి రెండంకెలు తీసి మళ్లీ కూర్చుకోవాలి. తూర్పును సూచించే రోమన్ అక్షరం మరో ఉచ్చు. డిగ్రీలకూ నిమిషాలకూ మధ్య ఆ అక్షరం పెట్టి 78, 28 అంకెలను కలిపి రాస్తే ఎక్సెల్ దాన్ని శాస్త్రీయ సంకేతంగా తీసుకుని, 78 పక్కన 28 సున్నాలున్న సంఖ్యగా మార్చేస్తుంది.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది చుక్కతో రాసిన అరవై లెక్క. 17 డిగ్రీల 21 నిమిషాల 42 సెకన్లను 17.2142 అని రాస్తే దానికీ దశాంశ డిగ్రీలకూ రూపంలో ఏ తేడా ఉండదు. దశాంశంగా చదివితే చార్మినార్ దక్షిణానికి 16 కిలోమీటర్లు జరుగుతుంది. జీపీఎస్ పరికరాల ముడి వాక్యాల్లో డిగ్రీలూ నిమిషాలూ కలిసి 1721.7 అని వస్తాయి. దాన్ని 100తో భాగించేసి 17.217 అనుకున్నా దాదాపు అంతే తప్పు. ఒక్క గడిని చూసి ఈ తప్పు పట్టుకోవడం అసాధ్యం. కాలమ్ మొత్తం చూడాలి. నిజమైన దశాంశ డిగ్రీలైతే చుక్క తర్వాతి రెండంకెలు 00 నుంచి 99 వరకు ఎక్కడైనా పడతాయి. రాష్ట్రమంతా పరుచుకున్న వందలాది వరుసల్లో ఆ రెండంకెలు ఒక్కసారి కూడా 59 దాటకపోతే, రాసినవారు నిమిషాలు రాశారని దాదాపు నిశ్చయించుకోవచ్చు. ఒకే మండలానికి చెందిన షీట్‌కు ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ అంకెల వ్యాప్తే తక్కువ.

మిగిలినవి చిన్నచిన్న తలనొప్పులు. డిగ్రీ గుర్తుకు బదులు దాన్ని పోలిన చిన్న సున్నా, నిమిషం గుర్తుకు బదులు వంపు తిరిగిన ఉల్లేఖన చిహ్నం, మామూలు ఖాళీకి బదులు వెబ్ పేజీల నుంచి కాపీ అయిన విరగని ఖాళీ వస్తుంటాయి. హైఫన్‌కు బదులు గణిత రుణ చిహ్నం ఉంటే పైథాన్ ఫ్లోట్ ఫంక్షన్ తిరస్కరిస్తుంది. విచిత్రమేమిటంటే అదే ఫంక్షన్ తెలుగు అంకెలను ఏ అభ్యంతరమూ లేకుండా స్వీకరిస్తుంది. ౧౭.౩౬ అని ఇచ్చినా 17.36 అనే చదువుతుంది, యూనికోడ్‌లో అంకెలుగా గుర్తింపు ఉన్న ఏ లిపి అయినా దానికి సమ్మతమే. యూరప్ నుంచి వచ్చిన షీట్లలో దశాంశ బిందువు స్థానంలో కామా ఉంటుంది. అక్కడి దిక్కుల అక్షరాలను కూడా జాగ్రత్తగా చూడాలి: రోమన్ లిపిలోని ‘ఓ’ అక్షరం జర్మన్‌లో తూర్పుకు గుర్తు, ఫ్రెంచిలో పడమరకు. సీఎస్‌వీ ఫైళ్లలో డిగ్రీ గుర్తు ముందు అనవసరంగా ఒక టోపీ అక్షరం కనబడితే ఫైలును యూటీఎఫ్-8గా కాక పాత విండోస్ సంకేత పద్ధతిలో తెరిచారని అర్థం.

పైథాన్‌లో చదవడం, విడగొట్టడం

షీట్ చదవడానికి రెండు దారులు వాడుకలో ఉన్నాయి. పట్టిక మొత్తాన్ని ఒకేసారి తీసుకుని కాలమ్‌ల మీద పనిచేయడానికి పాండాస్, గడి గడినీ దాని రకంతో సహా పరిశీలించడానికి ఓపెన్‌పైఎక్స్‌ఎల్. శుభ్రమైన షీట్‌కు పాండాస్ చాలు. పైన చెప్పిన వికారాలున్న షీట్‌కు రెండోదే నయం, ఎందుకంటే గడిలో ఉన్నది సంఖ్యా, టెక్స్టా, సమయమా అన్నది అది దాచకుండా చెబుతుంది. గడుల్లో సూత్రాలుంటే ఓపెన్‌పైఎక్స్‌ఎల్ మామూలుగా సూత్రాన్నే ఇస్తుంది. విలువలు మాత్రమే కావాలని అడిగితే, ఎక్సెల్ చివరిసారి లెక్కించి దాచిన ఫలితాన్ని ఇస్తుంది. ఏదో ప్రోగ్రాం తయారుచేసి, ఎక్సెల్‌లో ఒక్కసారి కూడా తెరవని ఫైలులో అలాంటి ఫలితమే ఉండదు కనుక గడి ఖాళీగా వస్తుంది.

విడగొట్టే ఫంక్షన్‌కు ఆదర్శమైన నడక ఇలా ఉంటుంది. గడి సంఖ్య అయితే దాన్ని దశాంశ డిగ్రీగానే తీసుకుంటుంది. సమయం లేదా కాలవ్యవధి అయితే గంటల్లోకి మార్చి డిగ్రీలుగా తీసుకుంటుంది. టెక్స్ట్ అయితే ముందు అన్ని రకాల గుర్తులనూ, ఖాళీలనూ ఒక్క రూపంలోకి తెస్తుంది. తర్వాత దిక్కు తెలిపే అక్షరాన్నో రుణ గుర్తునో వేరుచేసి పెట్టుకుని, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో అంకెల గుంపులను ఏరుతుంది. ఒక గుంపు దొరికితే డిగ్రీలు, రెండు దొరికితే డిగ్రీలు నిమిషాలు, మూడు దొరికితే సెకన్లు కూడా. నిమిషాలు గానీ సెకన్లు గానీ 60 లేదా అంతకన్నా ఎక్కువుంటే, రుణ గుర్తూ దిక్కు అక్షరమూ పరస్పరం విరుద్ధంగా ఉంటే, ఊహించి సరిదిద్దకుండా ఆ వరుసను దోషమని గుర్తుపెట్టి వదిలేయాలి. ఈ చివరి నియమం చాలామంది పాటించరు. దొరికినదాన్ని ఎలాగోలా సంఖ్యగా మార్చేసే ఫంక్షన్ చూడటానికి తెలివైనదిగా కనిపిస్తుంది గానీ, తప్పులను దాచిపెట్టడంలోనే దాని తెలివంతా ఖర్చవుతుంది.

జియోపై లైబ్రరీలోని పాయింట్ తరగతి డిగ్రీ నిమిషాల టెక్స్ట్‌ను తానే విడగొట్టగలదు. రాత పద్ధతి నిలకడగా ఉన్న షీట్లకు అది సరిపోతుంది.

ఖాళీ గడులను పాండాస్ ‘సంఖ్య కాదు’ అనే ప్రత్యేక విలువగా చదువుతుంది. వాటిని ముందే తీసేయకపోతే ఆ మాటే యథాతథంగా సేవకు పంపే అభ్యర్థనలోకి ఎక్కుతుంది. ఖాళీలను సున్నాలతో నింపడం అంతకన్నా చేటు. సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం అన్నది ఆఫ్రికా పడమటి తీరానికి ఆవల గినీ సింధుశాఖలో నిజంగా ఉన్న చోటు. మ్యాప్ తయారీదారులు దాన్ని ‘నల్ ఐలాండ్’ అని వేళాకోళంగా పిలుస్తారు. ప్రపంచంలోని ఎన్నో దుకాణాలు, ఆసుపత్రులు పట్టికల పొరపాటు వల్ల ఆ నడిసముద్రంలో తేలుతుంటాయి.

ఏ భూగోళం మీద కొలిచారు

రెండు అంకెలు తెలిస్తే చోటు తెలిసినట్టేనన్నది పాక్షిక సత్యమే. భూమి కచ్చితమైన గోళం కాదు కనుక దాన్ని ఏ దీర్ఘగోళంగా ఊహించుకుని కొలిచారన్నదీ తెలియాలి. జీపీఎస్, దానితోపాటు దాదాపు అన్ని మ్యాప్ సేవలు వాడేది డబ్ల్యూజీఎస్ 84. ప్రమాణాల పట్టికలో దాని సంఖ్య ఈపీఎస్‌జీ 4326.

భారతదేశపు పాత పటాల పునాది వేరు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, ఆ తర్వాత జార్జ్ ఎవరెస్ట్ పేరుతో 1830 నాటి దీర్ఘగోళానికి దారితీసింది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు చాలాకాలం దాని మీదే తయారయ్యాయి. ఎవరెస్ట్ దీర్ఘగోళపు భూమధ్యరేఖా వ్యాసార్ధం డబ్ల్యూజీఎస్ 84 కన్నా దాదాపు 860 మీటర్లు తక్కువ. రెండు దీర్ఘగోళాల కేంద్రాలు కూడా ఒకచోట లేవు. 2005 జాతీయ పటాల విధానం ప్రజలకు అందుబాటులో ఉండే ఓపెన్ సిరీస్ పటాలను డబ్ల్యూజీఎస్ 84 మీదికి మార్చింది. అందువల్ల పాత టోపోషీట్ చూసి గుర్తించిన గుడి, చెరువు, సరిహద్దు రాయి నిరూపకాలను నేరుగా మ్యాప్ సేవకు పంపితే వంద మీటర్ల స్థాయిలో జరుగుతాయి. చెరువుకు అది పట్టింపు కాకపోవచ్చు, సరిహద్దు రాయికి మాత్రం తగాదా తెచ్చేంత దూరం. పైప్రోజ్ లైబ్రరీలో కలియన్‌పూర్ 1975 వ్యవస్థ నుంచి, అంటే ఈపీఎస్‌జీ 4146 నుంచి, 4326కు మార్చడం ద్వారా ఈ తేడాను చాలావరకు సరిచేయవచ్చు.

షీట్‌లో అంకెలు లక్షల్లో ఉంటే అవి డిగ్రీలు కావు, మీటర్లు. ఎక్కువగా అవి యూటీఎం నిరూపకాలై ఉంటాయి. ఈ పద్ధతి భూమిని 6 డిగ్రీల వెడల్పున్న 60 మండలాలుగా (జోన్లుగా) పంచి, ఒక్కో మండలపు మధ్యరేఖకు 5,00,000 మీటర్ల తూర్పు విలువ ఇస్తుంది. చార్మినార్ 44వ మండలంలో సుమారు 2,31,600 తూర్పు, 19,21,300 ఉత్తరం దగ్గర ఉంది. తెలుగు నేల ఈ విషయంలో కొంచెం ఇరకాటంలో ఉంది. 78 నుంచి 84 డిగ్రీల వరకు పరుచుకున్న 44వ మండలంలోనే ఎక్కువ భాగం ఉన్నా, అనంతపురం, ఆదోని 43లో పడతాయి. శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్న పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45లోకి వెళ్తాయి. ఒక్క ఆంధ్రప్రదేశ్ షీట్‌లోనే మూడు మండలాలు కలవవచ్చు, మండల సంఖ్య రాసే కాలమ్ మాత్రం తరచుగా ఉండదు. చార్మినార్ అంకెలను 43వ మండలమనుకుని మారిస్తే అది రత్నగిరి తీరానికి ఆవల అరేబియా సముద్రంలో కనబడుతుంది. ఉత్తరార్ధగోళంలో మండల సంఖ్యకు 32600 కలిపితే ఈపీఎస్‌జీ సంఖ్య వస్తుంది. పైప్రోజ్‌కు 32643, 32644, 32645 అని వరుసను బట్టి ఇవ్వాలి.

మీటర్లలో కనిపించే మరో వ్యవస్థ వెబ్ మెర్కేటర్, అంటే ఈపీఎస్‌జీ 3857. మ్యాప్ సేవలు తెర మీద పలకలు (టైల్స్) గీసేది దీనిలోనే. చార్మినార్‌కు ఇందులో తూర్పు విలువ దాదాపు 87.36 లక్షలు, ఉత్తరం 19.63 లక్షలు. ఉత్తరపు అంకె యూటీఎం అంకెకు దగ్గరగా ఉండటం వల్ల ఆ ఒక్కదాన్ని చూసి మోసపోవడం సులభం. తూర్పు విలువ పది లక్షలు దాటిందంటే అది యూటీఎం కాదు. పలక సంఖ్యలు కావాలన్నా ఇదే ప్రక్షేపణ. పదో జూమ్ స్థాయిలో రేఖాంశానికి 180 కలిపి, 360తో భాగించి, 1,024తో గుణిస్తే చార్మినార్ ఉన్న పలక 735వ నిలువు వరుసలో వస్తుంది. అడ్డువరుస 461.

ఏది ముందు, ఏది వెనక

మాటల్లో అక్షాంశమే ముందు వస్తుంది. జ్యామితిలో అడ్డంగా కొలిచేదే ముందు, ఆ లెక్కన రేఖాంశం ముందుండాలి. సాఫ్ట్‌వేర్ ప్రపంచం ఈ రెండు సంప్రదాయాల మధ్య చీలిపోయి, ఎవరి దారి వారిదైంది. గూగుల్ మ్యాప్స్ ఏపీఐ, లీఫ్‌లెట్ అక్షాంశాన్ని ముందు అడుగుతాయి. 2016లో ప్రమాణంగా ఖరారైన జియోజేసన్, దారులు లెక్కించే ఓఎస్‌ఆర్‌ఎం, మ్యాప్‌బాక్స్ రేఖాంశాన్ని ముందు అడుగుతాయి. నామినేటిమ్ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి తీసుకుంటుంది కనుక అక్కడ గొడవ లేదు. పటాలు వడ్డించే డబ్ల్యూఎంఎస్ ప్రమాణం 1.1.1లో రేఖాంశం ముందు ఉండేది, 1.3.0లో 4326 వ్యవస్థకు అక్షాంశం ముందుకొచ్చింది. పైప్రోజ్ కూడా రెండో వెర్షన్ నుంచి ప్రమాణంలో ఉన్న క్రమాన్నే పాటిస్తోంది. ఎప్పుడూ అడ్డం నిలువు క్రమమే కావాలంటే ఆ సంగతి విడిగా చెప్పాలి. పాత ప్రోగ్రాములను కొత్త వెర్షన్‌కు మార్చినప్పుడు ఊళ్లు తారుమారయ్యే కారణాల్లో ఇదొకటి.

హైదరాబాద్ నిరూపకాలు తారుమారైతే 78.47 ఉత్తరం, 17.36 తూర్పు అవుతాయి. అది ఆర్కిటిక్ ప్రాంతంలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. చెల్లుబాటయ్యే చోటే కాబట్టి ఏ సేవా దోషమని చెప్పదు. విశాఖ, విజయవాడ, తిరుపతి కూడా ఆర్కిటిక్ హిమసీమకే చేరతాయి. భారతదేశంలో అక్షాంశాలు 6 నుంచి 38 లోపు, రేఖాంశాలు 68 నుంచి 98 లోపు ఉండి ఒకదానితో ఒకటి అతివ్యాప్తి చెందవు కనుక ఈ పొరపాటును ప్రోగ్రాం తానే పట్టి సరిదిద్దగలదు. 36 నుంచి 42 అక్షాంశాలు, 26 నుంచి 45 రేఖాంశాల మధ్య ఉన్న తుర్కియే వంటి దేశాలకు ఆ అదృష్టం లేదు.

అభ్యర్థన పంపడం

మార్చిన విలువను అభ్యర్థనలో పెట్టేముందు ఆరు దశాంశ స్థానాలకు స్థిరంగా టెక్స్ట్‌గా మార్చాలి. పైథాన్ తనంతట తాను మారిస్తే 0.00001 వంటి చిన్న విలువలు శాస్త్రీయ సంకేతంలోకి వెళ్తాయి, కొన్ని సేవలకు అది మింగుడుపడదు. కామాలు, నిలువు గీతలు, ఖాళీలను చేత్తో అతికించకుండా రిక్వెస్ట్స్ లైబ్రరీకి పేరు–విలువ జతలుగా ఇస్తే వెబ్ చిరునామాకు తగిన సంకేతాల్లోకి అదే మారుస్తుంది. ఏపీఐ కీని ప్రోగ్రాంలో గానీ షీట్‌లో గానీ రాయకుండా కంప్యూటర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉంచడం ఆనవాయితీ. షీట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వస్తువు, కీ వెంట బిల్లు కూడా తిరుగుతుంది.

ప్రతి సేవకూ హద్దులున్నాయి. నామినేటిమ్ ఉచిత సర్వర్ సెకనుకు ఒక్క అభ్యర్థనకే ఒప్పుకుంటుంది, అడుగుతున్న ప్రోగ్రాం తన పేరు చెప్పుకోవాలంటుంది. ఆ వేగంతో 10,000 వరుసల షీట్‌కు దాదాపు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. జియోపైలోని రేట్‌లిమిటర్ ఈ విరామాన్ని తానే పాటిస్తుంది. గూగుల్ డిస్టెన్స్ మ్యాట్రిక్స్ సేవలో ఒక అభ్యర్థనకు 25 బయలుదేరే చోట్లు, 25 గమ్యాలు మించకూడదు; జతలు వందకు మించకూడదు. అంటే పది బడులకు వంద ఊళ్ల నుంచి దూరాలు కావాలంటే ఊళ్లను పదేసి చొప్పున విడగొట్టి పంపాలి. అయిదు దశాంశ స్థానాల వరకు ఒకటే అయిన నిరూపకాలను ఒకే చోటుగా ఎంచి, వచ్చిన జవాబును డిక్షనరీలోనో చిన్న డేటాబేస్‌లోనో దాచుకుంటే మళ్లీ అడిగే పని తప్పుతుంది. సేకరించిన జవాబులను ఎంతకాలం దాచవచ్చన్నది ఆ సేవ షరతుల మీద ఆధారపడుతుంది.

జవాబు వచ్చిందంటే పని అయినట్టు కాదు. హెచ్‌టీటీపీ సంకేతం 429 అంటే మరీ త్వరత్వరగా అడుగుతున్నారని. కొంత ఆగి, ప్రతిసారీ ఆగే కాలాన్ని రెట్టింపు చేస్తూ తిరిగి ప్రయత్నించాలి. గూగుల్ వంటి సేవలు 200 అనే విజయ సంకేతంతోనే ‘ఫలితాలు సున్నా’ అన్న స్థితిని లోపల పెట్టి పంపుతాయి, కనుక లోపలి స్థితిని విడిగా చదవాలి. జవాబులను వరుస వరుసకూ ఫైలులో రాస్తూ పోవాలి. అప్పుడు తొమ్మిది వేలవ వరుస దగ్గర కరెంటు పోయినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాదు. పాత గడులను చెరపకుండా, మార్చిన విలువకు ఒక కాలమ్, స్థితికి ఒక కాలమ్ కొత్తగా చేర్చడం వల్ల తర్వాత ఎవరైనా మూలంతో పోల్చుకోగలుగుతారు.

సరిచూడటం

మొదటి వడపోత సరిహద్దు పెట్టె. రెండు తెలుగు రాష్ట్రాలకు కలిపి అక్షాంశం 12.5 నుంచి 20, రేఖాంశం 76.5 నుంచి 85 మధ్య ఉండాలి. బయట పడినవి దోషాలు. చుక్కతో రాసిన అరవై లెక్క తెచ్చే 16 కిలోమీటర్ల తప్పులు ఈ పెట్టెలోనే ఇమిడిపోతాయి కాబట్టి అది చాలదు. షీట్‌లో మండలం పేరో జిల్లా పేరో ఉంటే, ఆ సరిహద్దు బహుభుజి లోపల బిందువు ఉందో లేదో జియోపాండాస్, షేప్లీ లైబ్రరీలతో చూడటం నమ్మదగిన పరీక్ష. బిందువు నుంచి చిరునామా అడిగి పోల్చడం దానికన్నా బలహీనమైనది, ఎందుకంటే సేవ ఇచ్చేది దగ్గరలోని రోడ్డునో ఊరినో మాత్రమే. ఒకే నిరూపకం పదుల వరుసల్లో పునరావృతమైతే అది సాధారణంగా సర్వే చేసినవారు పొలానికి వెళ్లక, కార్యాలయంలోనే నొక్కిన బిందువు.

నిరూపకాలను మళ్లీ అరవై లెక్కలోకి మార్చేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. సెకన్లను గుండ్రం చేయగా 60.0 వస్తే దాన్ని నిమిషంలోకి, నిమిషం 60 అయితే డిగ్రీలోకి ఎక్కించాలి. మొత్తాన్ని ముందే సెకన్లలోకి మార్చి, గుండ్రం చేసి, తర్వాత భాగహారం చేస్తే ఈ ఇబ్బందే రాదు.

జంట అంకెల స్థానంలో ఒకే సంకేతం వాడే పద్ధతులూ షీట్లలోకి వస్తున్నాయి. గూగుల్ రూపొందించిన ప్లస్ కోడ్‌లు ఒక రకం. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్‌తోనూ, హైదరాబాద్‌లోనే ఉన్న ఇస్రో జాతీయ దూర సంవేదన కేంద్రంతోనూ కలిసి తయారుచేసి 2025లో విడుదల చేసిన డిజిపిన్ మరొకటి. ఇది 2.5 నుంచి 38.5 అక్షాంశాలు, 63.5 నుంచి 99.5 రేఖాంశాల మధ్య ఉన్న 36 డిగ్రీల చదరాన్ని తీసుకుని 16 గడులుగా, ప్రతి గడినీ మళ్లీ 16గా, ఇలా పది సార్లు విభజిస్తుంది. ఒక్కో విభజనకు ఒక్కో అక్షరం చొప్పున పది అక్షరాల సంకేతం వస్తుంది, చివరి గడి వెడల్పు దాదాపు నాలుగు మీటర్లు. పైథాన్‌లో దీన్ని నిరూపకంగా మార్చడానికి పది చుట్లున్న ఒక లూప్ చాలు, ఒక్కో చుట్టులో చదరం భుజం నాలుగో వంతుకు తగ్గుతూ పోతుంది. లూప్ చివర మిగిలిన గడి మధ్యబిందువునే అక్షాంశ రేఖాంశాలుగా తీసుకుని మ్యాప్ సేవకు పంపుతారు.